సొరచేప కడుపులో సూక్ష్మజీవి సంహారిణి

శస్త్రచికిత్స చేసిన కప్పలను సూక్ష్మజీవులతో నిండిన తొట్టినీటిలో వదలినా, వాటి గాయాలు చీము పట్టకుండా మానిపోవడం మైకేల్ జాస్లాఫ్ అనే అమెరికన్ వైద్య శాస్త్రజ్ఞుని ఆశ్చర్యపరచింది. 1987లో ఆయన ఆ కప్ప చర్మం నుండి రెండు పెప్టైడులను వేరుచేసి, హీబ్రూ భాషలో డాలు అని అర్థమిచ్చే పదాన్ని అనుసరించి వాటికి మాగైనిన్‌లని పేరు పెట్టారు. కప్పకున్న రక్షణ ఇతర ప్రాణులకు మాత్రం ఎందుకుండదు? ఈ ప్రశ్నే ఆయన దృష్టిని సముద్రం వైపు మళ్ళించింది.

స్క్వాలస్ అకాంథియస్ అనేది అట్లాంటిక్ జలాలలో తిరిగే చిన్న సొర. బ్రిటన్ వేపుడు దుకాణాలలో రాక్ సామన్ అనే గౌరవనామంతో అమ్ముడయ్యేది చాలావరకు ఇదే! జాస్లాఫ్, ఆయన సహచరులు 1993లో ఈ చేప కణజాలాల నుండి వేరుచేసి ప్రకటించిన పదార్థం స్క్వాలమీన్.

కప్పలో దొరికినది పెప్టైడు కాగా, సొరలో దొరికినది స్టీరాయిడు. రసాయనజ్ఞులకు ఇది వింత అణువే. పైత్యరసంలోని ఆమ్లాలను పోలిన చట్రానికి ఒక కొసన స్పెర్మిడీన్, మరొక కొసన సల్ఫేటు అతుక్కొని ఉంటాయి. చట్రం కొవ్వులో సులభంగా ఇముడుతుంది. స్పెర్మిడీన్‌లోని నత్రజని పరమాణువులు ధనావేశాన్ని ధరిస్తాయి. బాక్టీరియా పొర వెలుపలి తలంలో ఋణావేశం గల కొవ్వులు మెండు. మన కణాల వెలుపలి తలం చాలావరకు తటస్థం. కనుక ఈ అణువు బాక్టీరియా పొరను ఆకర్షణతో అంటుకొని, లోనికి చొచ్చుకొనిపోయి, దానిని ఛిద్రం చేస్తుంది. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగటివ్ తెగలు రెండింటినీ, శిలీంధ్రాలను కూడా చంపుతుంది. పెనిసిలిన్‌ను విరిచే ఎంజైమును తయారుచేసుకొని బాక్టీరియా తప్పించుకోగలదు. తన పొర నిర్మాణాన్నే మార్చుకోవడం అంత తేలిక కాదు. అయితే ఈ విచక్షణ సంపూర్ణం కాదు. మోతాదు మించితే మన కణాలకూ ముప్పే.

ఔషధం కోసం సొరలను వేటాడితే ఆ జాతి నిలువదు. ఆడ సొర దాదాపు రెండేండ్లు గర్భం మోస్తుంది. ప్రయోగశాలలో సంశ్లేషణ సాధ్యం కావడంతో ఆ ప్రమాదం తప్పింది. సొరకు క్యాన్సర్ రాదన్న ప్రచారంతో 1990లలో అమెరికాలో విరివిగా అమ్మిన మృదులాస్థి మాత్రలకు దీనితో సంబంధం లేదు. సొరలకూ కణితులు వస్తాయి.

ఇంత శక్తి ఉన్నా స్క్వాలమీన్ యాంటీబయాటిక్‌గా ఆసుపత్రులకు చేరలేదు. కొత్త రక్తనాళాల పెరుగుదలను అరికట్టే గుణం బయటపడగా కంటి చుక్కలుగా పరీక్షించారు. 2018లో ఆ పరీక్ష విఫలమైంది. పార్కిన్సన్ రోగుల మలబద్ధకానికి దీనిని నోటి ద్వారా ఇచ్చిన మరొక పరీక్ష ఫలితాలు 2022లో వెలువడ్డాయి. అందులో రోగులకు విరేచనం గణనీయంగా మెరుగుపడింది. సొర కడుపులో దొరికిన పదార్థం చివరకు మనిషి పేగులోని నాడుల వద్ద పనికి కుదిరింది.