కంటిలో పసరు పోయవచ్చునా?

కోతలయందును నూర్పిళ్లయందును కంట వరినూగు పడినపుడు మన రైతులు పలువురు ఆకుపసరు పిండుదురు; చనుబాలు, తేనె వేయుదురు. ఇది మిక్కిలి అపాయకరము. నల్లగ్రుడ్డుపై గీత పడినచో నూగుతోడను పసరుతోడను బూజు లోనికి చేరి పుండు పుట్టించును. పుండు మానినను పువ్వు నిలిచి చూపు చెడును. వైద్యుడు చెప్పక వేసికొను స్టెరాయిడు చుక్కలు ఆ బూజును మఱింత పెంచును.

మునగాకు, తోటకూర భుజించుట విటమిను-ఏ లోపమువలని రేచీకటికి మేలు. శుక్లము మాత్రము వానితో పోదు. కడుపునకు మంచిదెల్ల కంటిలో వేయదగినది కాదు.

కావున సభ్యులకు మేము చెప్పునది యిది: కన్ను నులుమరాదు; గ్రుచ్చుకొన్నదానిని పెరుకరాదు; నూగు మాత్రమే పడినచో కాచి చల్లార్చిన నీటితో కడుగవలెను; ఎఱుపుగాని నొప్పిగాని యున్నచో ఆ దినముననే కంటివైద్యునికి చూపవలెను. ఒకపూట కూలి పోయినను మరల దొరకును. పోయిన చూపు దొరకదు.