వస్తువును చేసినవాని బాధ్యత ఎంతవరకు?

లోకమున ప్రతి వస్తువునకును ఒక పుట్టుకయు, ఒక వాడుకయు, ఒక తుదియు కలవు. పుట్టుకను గూర్చి మనము పాఠములలో చదువుదుము. వాడుకను ప్రతిదినము చూచుచున్నాము. తుదిని గూర్చి మాత్రము ఆలోచించువారు తక్కువ. వాడి పారవేసిన వస్తువు ఎక్కడికి పోవుచున్నది? దాని తుదికి బాధ్యులెవ్వరు? చేసినవారా, అమ్మినవారా, కొన్నవారా, లేక వీథిని ఊడ్చువారా? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గత సంవత్సరమున ఒక శనివారమునాడు మేము పై తరగతుల విద్యార్థులతో కలసి పాఠశాల ఆవరణమునందలి చెత్తనంతయు ఏరించి మూడు కుప్పలుగా పోయించితిమి. మొదటిది రాలిన ఆకులు, పండ్లతొక్కలు, మధ్యాహ్న భోజనమున మిగిలిన మెతుకులు. రెండవది కాగితములు, అట్టపెట్టెలు, నీటిసీసాలు, ఇనుపముక్కలు. మూడవది చిరుతిండ్లను కట్టియుంచు తళతళలాడు పొట్లములు. మొదటి కుప్పను చెట్లయొద్ద గోతిలో వేసి మన్ను కప్పితిమి, అది ఎరువగును. రెండవ కుప్పను పాతసామానులు కొనువాడు తూచి, సొమ్మిచ్చి, తన బండిపై వేసికొనెను. మూడవ కుప్పను జూచి అతడు చేయి అడ్డముగా ఊపెను. “ఊరక ఇచ్చినను నాకు వలదండీ, దీనిని ఎవ్వరును కొనరు” అనెను. అన్నిటికంటె తేలికయైన కుప్ప అదియే. వదలించుకొనుటకు అన్నిటికంటె కష్టమైనదియు నదియే.

అప్పుడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు, “దీనిని చేసినవారినే పిలిచి తిరిగి ఇచ్చివేయరాదా?” అని యడిగెను. తక్కినవారు నవ్విరి. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. నేడు అనేక దేశముల శాసనములు ఆ ప్రశ్నపైననే నిలిచియున్నవి.

ముందుగా ఆ పొట్లమును ఎవ్వరును కొనకుండుటకు కారణము తెలిసికొందము. ఇనుమును కరగించిన ఇనుమే వచ్చును. గాజును కరగించిన గాజే వచ్చును. ఒకే పదార్థముతో చేసిన వస్తువు తిరిగి ఆ పదార్థము కాగలదు. చిరుతిండి పొట్లము అట్టిది కాదు. తేమయు, గాలియు, వెలుతురును లోపలికి చొరకుండుటకై అందు వేర్వేరు ప్లాస్టిక్కు పొరలను, కొన్నింట మిక్కిలి పలుచని అల్యూమినియపు పొరను గూడ ఒకదానిపై నొకటి అంటించుదురు. తిండి మెత్తబడకుండ కాపాడునది ఆ కూర్పే. ఆ పొరలను మరల విడదీయుట ఎంతయో వ్యయముతో కూడిన పని. వచ్చు పదార్థము స్వల్పము. కావున బండివాడు మూర్ఖుడు కాడు. అతని లెక్క సరియైనదే. లోపము పొట్లమును కల్పించిననాటి ఆలోచనలో కలదు. దాని వాడుకను గూర్చి ఎంతయో యోచించినవారు దాని తుదిని గూర్చి యోచింపరైరి.

మన పూర్వులకు ఈ చిక్కు లేకుండెను. ఇత్తడిబిందె చిల్లిపడినయెడల దానిని పారవేయక, తూకముకట్టించి, పాతలోహపు వెలను తగ్గించుకొని క్రొత్తబిందెను తెచ్చుకొనెడివారు. లోహపు పనికి పేరుగాంచిన పెంబర్తి మనకు సమీపముననే కలదు. గోళీసోడా త్రాగినవాడు సీసాను అంగడివానికే ఇచ్చి పోవలెను. సీసా అమ్మినవానిది, అందలి సోడా మాత్రమే కొన్నవానిది. ఈ రెండు పద్ధతులయందును ఒక సూక్ష్మము కలదు. వస్తువు తిరిగి వచ్చుట చేసినవానికి లాభము. తిరిగి ఇచ్చుట వాడినవానికి లాభము. ఇరువురి లాభమును ఒక్కదారిని నడచినందున చెత్త యనునదే పుట్టలేదు.

ఈ పాతనీతినే క్రొత్త శాసనముగా రూపొందించినవారిలో స్వీడను దేశస్థుడగు థామస్ లిండ్‌క్విస్ట్ ముఖ్యుడు. ఆయన 1990వ సంవత్సరమున తన దేశప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, ఉత్పత్తిదారుని బాధ్యత వస్తువు అమ్ముడుపోవుటతో ముగియరాదనియు, దానిని తిరిగి సేకరించి కరగించి క్రొత్తదానిగా చేయువరకును విస్తరింపవలెననియు ప్రతిపాదించెను. 1991లో జర్మనీ దేశము కట్టుబడి సామగ్రి విషయమున ఇట్టి శాసనమును చేసెను. జపానులో 2001 నుండి టెలివిజనులు, శీతలయంత్రములు, బట్టలుతుకు యంత్రములు మొదలగువానిని చేసినవారే తిరిగి గైకొనవలెనను చట్టము అమలునకు వచ్చెను.

మన దేశమున ఈ ఆలోచన బ్యాటరీలతో మొదలైనదని చెప్పవచ్చును. సీసపు బ్యాటరీలను తయారుచేయువారు పాతవానిని తిరిగి సేకరింపవలెనని 2001 నాటి నియమములు విధించెను. నేటికిని క్రొత్త బ్యాటరీ కొనునప్పుడు పాతదాని వెలను అంగడివాడు తగ్గించును గనుక దానిని వీథిలో పారవేయువారు అరుదు. ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన నియమములు 2011లో వెలువడి 2012 మే 1వ తేదీనుండి అమలైనవి. ప్లాస్టిక్కు వ్యర్థములను గూర్చిన నియమములు 2016లో వచ్చినవి. 2022 ఫిబ్రవరిలో వానికి చేసిన సవరణ ప్లాస్టిక్కు కట్టుబడి సామగ్రిని నాలుగు తరగతులుగా విభజించెను: గట్టివి, పలుచనివి, పలు పొరలు గలవి, మట్టిలో ఎరువు కాదగినవి. ఉత్పత్తిదారులు తాము విపణిలోనికి పంపినదానిలో 2021-22లో నూటికి 25 వంతులకును, 2022-23లో 70 వంతులకును, 2023-24 నుండి మొత్తమునకును బాధ్యులుగా నిర్ణయింపబడిరి. కరగించి మరల వాడవలసిన కనీసభాగము 2024-25లో గట్టి ప్లాస్టిక్కునకు నూటికి 50గాను, పలు పొరలదానికి 30గాను ఏర్పడెను. 2027-28 నాటికి అవి క్రమముగా 80, 60 కావలెను. విద్యార్థులు ఈ అంకెలలోని తారతమ్యమును గుర్తింపవలెను. మా మూడవ కుప్ప కష్టమైనదని శాసనమును ఒప్పుకొనుచున్నది.

ఇక మన వరంగల్లు మాట. ఈ విషయమున మన నగరము వెనుకబడినది కాదు. 2012 అక్టోబరులో ఇక్కడ “క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్” జరిగెను. నాటి ఆంధ్రప్రదేశములోని ఇతర పట్టణములనుండి పారిశుద్ధ్య సిబ్బంది వచ్చి, మన వీథులలో ఇంటింటికి తిరిగి, తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయుట గృహిణులకు నేర్పిరి. చెత్తను కలిపిన పిమ్మట వేరుచేయుట కష్టమనియు, కలుపకుండుటయే సులభమనియు ఆ వారము రోజులలో నగరము తెలిసికొనెను. దేశమంతటికిని 2016లో వచ్చిన ఘనవ్యర్థ నియమములు ఇంటియొద్దనే వేరుచేయుటను విధించుటకు నాలుగేండ్ల ముందే మనవారు దానిని అభ్యసించిరని గర్వింపవచ్చును.

ఐనను వేరుచేయుట సగము పనియే. వేరుచేసిన పొట్లమును కొనువాడు లేనియెడల అది తుదకు మడికొండ సమీపమున రాంపూరువద్ద పెరిగిన చెత్తగుట్ట వంటి చోటికే చేరవలసియుండును. నగరము తాను చేయని వస్తువును, తాను అమ్మని వస్తువును, తన పన్నుల సొమ్ముతో మోయవలసివచ్చును. గుట్టనుండి వచ్చు పొగను పీల్చువారు ఆ వస్తువును కొన్నవారు కూడ కాకపోవచ్చును. చెత్తకుప్పలలో చేతులుపెట్టి ఏరుకొను పేదలు సీసాలను ఏరి పొట్లములను విడిచిపోవుదురు; వారి శ్రమయు ఆ పొట్లమును ఆదుకొనజాలదు. ఉత్పత్తిదారుల బాధ్యత యనునది ఒక నాగరిక వినోదము కాదనియు, న్యాయమునకు సంబంధించినదనియు దీనివలన తేలుచున్నది.

ఈ పద్ధతికి ఆక్షేపణలు లేకపోలేదు. “వ్యయమును కంపెనీవారు వెలలో కలిపి కొన్నవానివద్దనే గుంజుదురు గదా” యని కొందరందురు. నిజమే. కాని వస్తువు తుదకగు వ్యయము దాని వెలలో కనబడుట మేలు. అప్పుడు సులభముగా కరగు కట్టుబడిని ఎన్నుకొన్నవాడు తక్కువ వెలకు అమ్మగలడు. కష్టమైనదానిని ఎన్నుకొన్నవాడు అమ్మజాలడు. రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. కరగించువారు ఇచ్చు పత్రములను ఉత్పత్తిదారులు కొని తమ లెక్క చూపవచ్చును. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలలో ఇట్టి నకిలీ పత్రములు లక్షల సంఖ్యలో బయటపడినవి. కాగితముమీద కరిగినది గుట్టమీద కరుగదు. మరియు ఆ పత్రము దేశమున ఏ మూలనుండి వచ్చినను చెల్లును గనుక, లెక్క పూర్తియైనను మన వీథిలోని పొట్లము మన వీథిలోనే యుండవచ్చును. కావున శాసనము మంచిదైనంత మాత్రమున చాలదు. తనిఖీయు, స్థానికముగా సేకరించు ఏర్పాటును వలయును.

స్థానికపు ఏర్పాటునకు ఒక మంచి నిదర్శనము తమిళనాట కలదు. నీలగిరులలో పారవేసిన మద్యపు సీసాలు పగిలి అడవిజంతువుల పాదములను గాయపరచుచుండెను. మద్రాసు ఉన్నత న్యాయస్థానము కలుగజేసికొనగా, 2022లో అక్కడ సీసా ఒక్కింటికి 10 రూపాయలు అధికముగా వసూలుచేసి, ఖాళీసీసాను తిరిగి ఇచ్చినవారికి ఆ సొమ్ము ఇచ్చివేయు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇది మన గోళీసోడా నీతియే. ఉపదేశమునకు కదలని చేయి పది రూపాయలకు కదలినది.

విద్యార్థులు చేయదగినది ఏమి? ఇంట తడిపొడి చెత్తను కలుపకుండుట మొదటిది. పొట్లమును పారవేయుటకు ముందు దానిని చదువుట రెండవది. ప్లాస్టిక్కు కట్టుబడిపైననో, వేరొక విధముననో ఉత్పత్తిదారుని పేరును, నమోదు సంఖ్యయు తెలుపవలెనని నియమము కలదు. అవి ఉన్నవా? లేనియెడల ఉపాధ్యాయుల సాయముతో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి మర్యాదగా ఒక లేఖ వ్రాయుడు. లేఖ వ్రాయుట మీరు తెలుగు తరగతిలో నేర్చినదే. మూడవది, ఈ ప్రశ్నలకు మీ నోటుపుస్తకములలో సమాధానము వ్రాయుడు: మీ యింటికి ఒక వారములో వచ్చిన వస్తువులలో తిరిగి కరగదగినవి ఏవి? కరగజాలనివానిని వేరొక విధమున కట్టి అమ్ముట సాధ్యమా? సాధ్యమైనయెడల అట్లు చేయకుండుటకు కారణమేమి?

ఆ శనివారమునాటి మూడవ కుప్పను మేము పారవేయలేదు. గోనెసంచిలో కట్టి విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక మూలనుంచితిమి. సంవత్సరము గడచినను అందలి ఒక్క పొట్లమును చివుకలేదు; రంగైనను వెలియలేదు. నవ్వినవారిలో కొందరు ఇప్పుడు ఆ సంచి ప్రక్కన నిలువబడి, పొట్లములపై పేర్లను చదివి, ఒక పట్టికగా వ్రాయుచున్నారు. దానిని చేసినవారికి తిరిగి ఇచ్చుటకు మొదట వారెవ్వరో తెలియవలెను గదా!