రోజూ మారుమనస్సు, రోజూ సంతోషం



మారుమనస్సు అంటే ఏమిటి? ఏడ్వడం అని నేను అనుకునేదాన్ని. కాదు. క్రొత్త నిబంధనను మొదట గ్రీకు భాషలో వ్రాశారు. అందులో ఈ మాట 'మెటనోయా'. అంటే మనసు మార్చుకోవడం.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య ఉన్నాడు. యెరికోలో సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. పొట్టివాడు కనుక యేసును చూడటానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు పేరు పెట్టి పిలిచి, నీ ఇంటికి వస్తానన్నాడు. జక్కయ్య గబగబా దిగి సంతోషంగా చేర్చుకున్నాడు. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తాననీ చెప్పాడు. తిడితే మారలేదు, పిలిస్తే మారాడు.

ఒక్కసారి మారితే చాలదా? 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ 95 అంశాలు వ్రాశాడు. విశ్వాసి బ్రతుకంతా మారుమనస్సే కావాలని మొదటి అంశంలోనే చెప్పాడు. మా ఊళ్లో ఇప్పపూలు రాలే కాలంలో తెల్లారకముందే బుట్టలతో వెళ్తాం. నిన్న ఏరాం గదా అని ఇవాళ మానం. ఇదీ అంతే.

పోయిన వారం ఒక అక్క కొబ్బరినూనె అడక్కుండా వాడాను. నింద ఐదో తరగతి చెల్లిమీద పడింది. నేను నోరు మెదపలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. జక్కయ్య కథ చదివాక మేడంగారికి నిజం చెప్పాను. అక్కనూ చెల్లినీ క్షమించమని అడిగాను. అమ్మ వచ్చినప్పుడు నూనె తిరిగిస్తాను. ఆ రాత్రి అన్నం సహించింది, నవ్వూ వచ్చింది.

నిన్న మళ్లీ ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. కాబట్టి ఇవాళ మళ్లీ మారాలి. పిలుపు కూడా ఇవాళ మళ్లీ ఉంది గదా!

తప్పులుంటే మన్నించగలరు.

– 9వ తరగతి విద్యార్థిని