ఓటమి వేళ నిలుచువారు

ఫుట్‌బాల్ ఆటను గూర్చిన వ్యాస మనగానే మన బాలురు గెలిచిన జట్ల పేళ్లను, గోలులు కొట్టిన వీరుల పేళ్లను వినగోరుదురు. ఈ వ్యాసమునం దట్టివి మిక్కిలి తక్కువ. మాటిమాటికి నోడిపోయిన యొక చిన్న జట్టును గూర్చియు, ఆ జట్టును విడువక వెంటనుండిన జనులను గూర్చియు నిందు వ్రాయబడినది. గెలిచినవారి చరిత్రనుండి నేర్చుకొనవలసినది కొంత కలదు. ఓడిపోయినవారి ప్రక్కను నిలిచినవారి చరిత్రనుండి నేర్చుకొనవలసినది మఱికొంత కలదు. ఈ రెండవది మన పాఠ్యపుస్తకములలో నరుదుగా గానవచ్చును గనుక దాని నిచ్చట విచారింతము.

1. ఊరును, జట్టును

ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరమునకు ఉత్తరముగా, కొండల పాదమున రోచ్‌డేల్ అను పట్టణము కలదు. పూర్వము ఉన్నిబట్టలకును, పిమ్మట నూలుమిల్లులకును అది ప్రసిద్ధి. ఆ యూరి పేరు మన దేశమునందు సహకార సంఘముల సంగతి తెలిసినవారందఱు వినియే యుందురు. 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని ఆ యూర నేతవారు మొదలైన 28 మంది బీదవారు తలకొంచెము సొమ్ము కూడబెట్టి, వెన్న, పంచదార, పిండి మొదలైన సరకులతో నొక చిన్న అంగడి తెఱచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, సభ్యుడొక్కనికి వోటొక్కటి, కొన్నదానినిబట్టి లాభములో పాలు అనునవి వారి నియమములు. నేడు మన పల్లెలలోని సహకార సంఘములు అనుసరించు సూత్రములకు మూల మదియే.

ఆ యూరియందే 1907వ సంవత్సరమున రోచ్‌డేల్ ఫుట్‌బాల్ క్లబ్బు స్థాపింపబడెను. దాని క్రీడాస్థలము పేరు స్పాట్లండ్. 1921వ సంవత్సరమున ఆ క్లబ్బు ఇంగ్లండులోని ఫుట్‌బాల్ లీగున చేరెను.

లీగు నిర్మాణము నెఱిగినగాని తక్కిన కథ బోధపడదు. ఇంగ్లండున 92 క్లబ్బులు నాలుగు తరగతులుగా నేర్పఱుపబడి యున్నవి. సంవత్సరాంతమున ప్రతి తరగతిలో మీదనున్న కొన్ని జట్లు పై తరగతికెక్కును; అడుగుననున్న కొన్ని క్రింది తరగతికి దిగును. నాలుగవ తరగతిలో నడుగున బడినవి లీగునుండియే తొలగిపోవును. కాని 1986వ సంవత్సరము వఱకు ఈ కడపటి నియమము లేదు. అడుగుననున్న నాలుగు జట్లు తమ్ము మఱల చేర్చుకొనుడని తక్కిన క్లబ్బులను వేడుకొనవలెను. ఆ క్లబ్బులు వోట్లు వేసి నిర్ణయించెడివి. కావున ఓడిపోయిన జట్టునకు ఓటమియొక్క దుఃఖమే కాక, ఇతరుల దయకై చేయి చాచవలసిన యవమానము కూడ నుండెను.

2. ఓటముల పరంపర

1931-32వ సంవత్సరపు ఆటలలో రోచ్‌డేల్ జట్టు మూడవ తరగతి ఉత్తరభాగమున 40 పందెము లాడెను. అందులో గెలిచినవి 4, సమముగా ముగిసినవి 3, ఓడినవి 33. నవంబరు మొదలు మార్చి వఱకు వరుసగా 17 పందెములలో నోడిపోయెను. గెలుపునకు రెండు పాయింట్లు, సమమునకు ఒకటి చొప్పున లెక్కించు ఆ దినములలో సంవత్సరమంతటికిని ఆ జట్టు సంపాదించినవి 11 పాయింట్లు మాత్రమే. ఆ కాలమున లంకషైరు నూలుమిల్లులు మూతపడుచుండెను. వేలకొలది పనివారు కూలి లేక యుండిరి. అట్టివారు ప్రవేశరుసుము చెల్లించి, చలిలో నిలువబడి, తమ జట్టు మఱల నోడిపోవుటను చూచిరి.

1973-74వ సంవత్సరమున నిట్లే మఱొక దుర్దశ వచ్చెను. మూడవ తరగతిలో 46 పందెములు జరుగగా గెలిచినవి రెండే. 17 సమములు, 27 ఓటములు. 1974వ సంవత్సరము ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి యునైటెడ్ జట్టుతో జరిగిన పందెమును చూడవచ్చినవారు సుమారు 450 మంది. ఈ సంఖ్యను జూచి జనుల విశ్వాసము చల్లారెనని తొందరపడి తీర్పు చెప్పరాదు. ఆ దినములలో బొగ్గుగనుల తగవువలన విద్యుచ్ఛక్తి కొఱవడి, దీపములు వెలిగించి రాత్రివేళ నాడుటకు వీలులేకపోయెను. అందుచేత ఆ పందెము మంగళవారము మధ్యాహ్నము జరిగెను. ఆ వేళ పనివా రెందఱు రాగలరు? అంకెలను చదువునప్పుడు వాని వెనుకనున్న కారణమును కూడ వెదకవలెనని లెక్కల విద్యార్థులు దీనినిబట్టి గ్రహింతురు గాక.

ఆ యేడు నాలుగవ తరగతికి దిగిన జట్టు 2010వ సంవత్సరమునగాని పైకెక్కలేదు. అనగా 36 సంవత్సరములు అట్టడుగు తరగతియందే యుండెను. తండ్రి చేయిపట్టుకొని మొదటిసారి వచ్చిన బాలుడు తానే తండ్రియై తన బిడ్డలను తీసికొని వచ్చునంత కాలమిది. ఈ మధ్య 1978లో అది అందఱికంటె నడుగున నిలిచి, వోట్లవలన లీగున మిగిలెను. దానికంటె నొక మెట్టు మీదనున్న సౌత్‌పోర్టు జట్టే ఆ యేడు వెలివడెను. 1980లో మఱల నడుగున నిలిచినప్పుడు ఆల్ట్రింకమ్ అను క్లబ్బుకంటె నొకే యొక వోటెక్కువ వచ్చుటచే బ్రతికి బయటపడెను.

3. ఓటమి ఓటమిని పెంచు విధము

బలహీనమైన జట్టు ఒకసారి యోడిపోవుట వింత గాదు. కాని ఓటములు గొలుసువలె నేల వచ్చును? దీనికి కారణములు కలవు. చిన్న క్లబ్బునకు ప్రవేశరుసుమే ముఖ్యమైన రాబడి. ఓడిపోయినకొలది చూడవచ్చువారు తగ్గుదురు. రాబడి తగ్గగా క్లబ్బు తన మేలైన ఆటగాండ్రను ధనికులైన క్లబ్బుల కమ్ముకొనవలసివచ్చును. వారు పోగా జట్టు మఱింత బలహీన మగును. ఇది యప్పుపడిన రైతు దుక్కిటెద్దు నమ్ముకొనుటవంటిది. ఆ పూటకు గడచును. మఱుసటి యేడు దున్నుటకు ఎద్దుండదు.

ఇది ధనమునకు సంబంధించిన కారణము. మనస్సునకు సంబంధించినది వేఱొకటి కలదు. పదిసార్లోడిన ఆటగాడు బంతి తన యొద్దకు రాకున్న చాలునని తలంచును. వచ్చినచో ఆలోచింపకయే దూరముగా తన్నివేయును. తోడివారిని నమ్మడు; తప్పు తనమీదికి వచ్చునేమోయని వెనుదీయును. ఇట్లు పదునొకండుగురు కలిసి యాడుట మాని, ఒక్కొక్కడు తన్ను తాను కాపాడుకొన జూచును. వ్యాయామోపాధ్యాయుడు ఎంత బోధించినను ఈ భయము పోనిది ఆట బాగుపడదు.

ఈ గొలుసును త్రెంచుటకు బయటివారు చేయగల సహాయమొకటి యున్నది. ఓడినను విడువక మరల వచ్చు జనులున్నచో రాబడి పూర్తిగా నెండిపోదు. ఆటగాడు తప్పు చేసినను తన్ను వెలివేయరని తెలిసికొన్నచో భయము కొంత తగ్గును. అభిమానుల కేకలవలన గోలు పడునని నేను చెప్పుట లేదు. రోచ్‌డేల్ జనులు కేకలు వేయుచుండగానే వారి జట్టు 33 పందెములోడిపోయెను. కాని జట్టు నశింపలేదు. చేను పండని యేటను విత్తనపు గింజలను దాచియుంచినవారు వీరు.

4. నిలిచినందువలన కలిగిన ఫలము

ఈ జట్టునకు మంచిదినములు రాకపోలేదు. 1962వ సంవత్సరమున నాలుగవ తరగతియందుండియే లీగు కప్పు చివరి పందెమువఱకు వెళ్లి, నార్విచ్ జట్టుచేతిలో నోడెను. 2018వ సంవత్సరము ఫిబ్రవరిలో మొదటి తరగతికి చెందిన టాటెన్‌హామ్ జట్టు స్పాట్లండునకు రాగా, పందెము ముగియబోవు నిమిషమున గోలు కొట్టి 2-2గా సమము చేసెను. మఱల జరిగిన పందెమున 6-1గా నోడిపోయెననియు సత్యముకొఱకు చెప్పవలెను.

ఆ యేటనే జరిగిన మఱియొక సంగతి ఆ యూరివారికి అంతకంటె ప్రియమైనది. జో థామ్సన్ అను ఆటగాడు రెండుమాఱులు క్యాన్సరు వ్యాధికి లోనై, చికిత్స పొంది, మఱల ఆటకు వచ్చెను. 2018 మే నెలలో సంవత్సరపు కడపటి పందెమున చార్ల్‌టన్ జట్టుమీద నాతడు కొట్టిన యొక్క గోలువలన రోచ్‌డేల్ క్రింది తరగతికి దిగిపోక నిలిచెను. ఆ గోలు ఏ కప్పును తెచ్చిపెట్టలేదు, పతనమును తప్పించెనంతే. అయినను జనులు ఆనందబాష్పములు రాల్చిరి. ఆతడు 2025వ సంవత్సరమున, 36 ఏండ్ల ప్రాయమున, ఆ వ్యాధివలననే మృతినొందెను.

2021వ సంవత్సరమున బయటివారు కొందఱు వాటాలు సంపాదించి క్లబ్బుపై నధికారము పొందజూడగా, అభిమానులు కూడుకొని యెదిరించిరి. ఆ ప్రయత్నము నెఱవేరలేదు. నేతవారు మొదలైన 28 మంది అంగడి తెఱచిన యూర, తమదైన దానిని తామే కాపాడుకొనుట యను నలవాటు నశింపలేదని చెప్పవచ్చును. 2023లో జట్టు లీగునుండి తొలగింపబడెను. 102 సంవత్సరముల సంబంధము తెగిపోయెను. 2024లో అప్పులబాధచే మూతపడుస్థితి రాగా, స్థానికమైన యొక కుటుంబము దానిని కొని నిలువబెట్టెను. విశ్వాసముతో నిలిచినవారికెల్లప్పుడును విజయము కలుగునని చెప్పుట సులభము. కాని ఈ చరిత్ర యట్లు చెప్పుట లేదు. నిలిచినవారుండుటవలన నిలుపదగినదొకటి మిగిలినదని మాత్రము చెప్పుచున్నది.

5. ఎట్లు నిలువవలెను?

ఓడిపోవువారిని పొగడుటయే వారికి తోడ్పడుట యని కొందఱనుకొందురు. ఇది పొరబాటు. బాగుగా నాడనిదానిని బాగుగా నాడితిరని చెప్పుట అబద్ధము. ఆ యబద్ధము ఆటగానికి తెలియును. అట్లని తప్పులెన్నుటయే హితబోధ యనుకొనుటయు సరికాదు. పరిశుద్ధ గ్రంథమునందు యోబునకు ఆపద వచ్చినప్పుడు ముగ్గురు స్నేహితులు వచ్చి, ఏడు దినములు మాటాడక యాతని ప్రక్కను కూర్చుండిరి. అంతవఱకు వారు మంచి స్నేహితులే. పిమ్మట నోరు తెఱచి, తప్పు నీదేయని వాదించుటతో వారి స్నేహము బరువైపోయెను. ప్రక్కను కూర్చుండుట వారు చేసిన మేలు. తీర్పుతీర్చుట వారు చేసిన కీడు. ఓడిన జట్టు విషయమున ఈ భేదమును మఱువరాదు.

ఇంకొక సందేహము కలుగవచ్చును. ఓడిపోవుదానిని పట్టుకొని వ్రేలాడుట మూఢత్వము కాదా? వర్తకమునందు నష్టము వచ్చు పనిని విడిచిపెట్టుట బుద్ధిమంతుల లక్షణము. కాని ఒక యూరి జట్టు, ఒక పాఠశాల, ఒక సంఘము, ఒక కుటుంబము సంతలోని సరకులు కావు. అవి మనవి గనుక వానిని ప్రేమింతుము. మేలైనవి గనుక మనవి చేసికొనలేదు. అయితే జట్టును నడపువారు అన్యాయము చేసినప్పుడు మౌనముగా నుండుట విశ్వాసము కాదు. రోచ్‌డేల్ అభిమానులు 2021లో చేసినట్లు లేచి ప్రశ్నించుట కూడ విశ్వాసములోని భాగమే.

6. మన సంగతి

బాలబాలికలారా, మన పాఠశాలయొక్క జట్టు గెలిచిన సాయంకాలము మైదానమున నిలుచుటకు చోటుండదు. ఓడిన సాయంకాలమున గోలు కాచిన బాలుడు బూట్లు చేతబట్టుకొని ఒంటరిగా నింటికి పోవును. వానితో కూడ వీధి మలుపువఱకు నడచిపోవువా రెవరు? ఈ ప్రశ్న ఆటస్థలముతో ముగియదు. పరీక్షలో తప్పి అదే తరగతిలో మఱల కూర్చున్నవానిని పాత స్నేహితులు చూచియు చూడనట్లు పోవుదురు. వాడు గత సంవత్సరము వారి బల్లమీదనే కూర్చుండెను. వానియొద్ద తగ్గినది మార్కులే. స్నేహమునకు కావలసినది తగ్గలేదు.

తలిదండ్రులకును ఒక మనవి. ఓడిపోయి వచ్చిన బిడ్డను మొదట అన్నము తినుమని పిలువుడు. ఎన్ని గోలులు పడినవని పిమ్మట అడుగవచ్చును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. 1931-32లో రోచ్‌డేల్ జట్టు పొందిన 11 పాయింట్లు ఎట్లు వచ్చినవో లెక్కించి చూపుడు.

2. ఓటమివలన రాబడి తగ్గుటయు, రాబడి తగ్గుటవలన ఓటమి కలుగుటయు మీ గ్రామములోని యే వృత్తియందైన చూచితిరా? దానిని వర్ణింపుడు.

3. ఈ సంవత్సరము మీ తరగతిలో ఓడిపోయినవాడెవడు? వాని పేరు వ్రాయనక్కఱలేదు. రేపు వానితో మాటాడుడు.