ఇంజను నూనెడబ్బాను ఎన్నుకొను విధము

కారు ఇంజనులో మండిన వాయువు కొంత పిస్టను రింగుల సందులగుండ క్రాంకుకేసులోనికి దిగి, నూనె తుంపరలతో గూడి గొట్టముద్వారా మరల గాలిదారికే పోవును. పెట్రోలును నేరుగా సిలిండరులోనికి చిమ్ము ఇంజనులలో ఆ నూనె గాలివాల్వులపై మసిగా పేరుకొనును. పెట్రోలు వాటిని కడుగదు గదా. ఈ నూనెను దారిలో పట్టుటకే ఆయిల్ క్యాచ్ క్యాన్ అను డబ్బాను బిగింతురు.

సభ్యులు దానిని కొనునపుడు మూత విప్పి చూడవలెను. లోన అడ్డురేకులుగాని జల్లెడగాని లేని వట్టిడబ్బాలో తుంపర నిలువదు. దాని రంధ్రములు ఇంజను గొట్టముకన్న సన్నగా నుండరాదు. దారి ఇరుకైనచో ఒత్తిడి పెరిగి సీళ్లనుండి నూనె కారును. మట్టము చూచు కడ్డీ, అడుగున కుళాయి ఉండుట మేలు.

డబ్బాను నిండకముందే ఖాళీచేయవలెను. అందలి నూనెలో నీరు కలిసియుండును గాన మరల ఇంజనులో పోయరాదు, పొలముకాలువలో పారబోయరాదు. రింగులరిగి పొగ గ్రక్కు ఇంజనుకు ఈ డబ్బా మందు కాదు. ముందు రింగులను మార్పించుకొనుడని మా సలహా.