మధురపూడి నుంచి బాబత్‌పూర్‌కి: పెద్దవాళ్లను కాశీ తీసుకెళ్లేవారికి

1. ఫోన్‌లో చూసే దూరాన్ని నమ్ముకుని బయల్దేరకండి. రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది, కాశీది బాబత్‌పూర్‌లో. రెంటికీ మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 930 కిలోమీటర్లు. జెట్ విమానానికి గంటన్నర పని. కానీ మనవాళ్లు మామూలుగా వెళ్లేది హైదరాబాద్ మీదుగా. ముందు పడమటికి 360, అక్కణ్ణుంచి ఈశాన్యంగా 1,020. అంటే 450 కిలోమీటర్ల చుట్టు. అలాగని విసుక్కోనక్కర్లేదు. ఒక్క ఊరి కాశీ ప్రయాణికులతో రోజూ విమానం నిండదు. పది ఊళ్లవాళ్లను ఒకచోట చేర్చబట్టే మనకీ ఈ దారి దొరికింది.

2. కిలోమీటర్లను బట్టి గంటలు లెక్కేయకండి. రెక్కల ముందు పంకాలు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుంది, జెట్ 800 దాటుతుంది. అందుకే ఏటీఆర్‌లో హైదరాబాద్‌కి గంట పైన పడితే, అక్కణ్ణుంచి దాదాపు మూడు రెట్లు దూరమున్న కాశీకి జెట్‌లో రెండు గంటలు చాలు.

3. లెక్క ఇంటి గడప దగ్గర మొదలుపెట్టండి. అమలాపురం నుంచి మధురపూడికి కారులో రెండు గంటలు పైమాటే. గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకో అరగంట ముందుండాలి. గాల్లో మూడు గంటలు, హైదరాబాద్ విమానాశ్రయమైన శంషాబాద్‌లో మూడు గంటల నిరీక్షణ. బాబత్‌పూర్ నుంచి ఘాట్‌లకి దగ్గరున్న గొదౌలియా కూడలి వైపు పాతిక కిలోమీటర్లు, ఆ రద్దీలో గంట పైనే. ఘాట్ దాకా కారు పోదు, చివర నడకో రిక్షానో. పెట్టెల కోసం ఆగడం, ఈ చివరి నడక కూడా కలిపితే మొత్తం పన్నెండు గంటలకు దగ్గర. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ పన్నెండే ముఖ్యం. మాత్రలూ ఇడ్లీ పొట్లమూ చేతిసంచీలోనే ఉండాలి.

4. రెండు విమానాలకూ ఒకే టికెట్ తీసుకోండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ఒకే టికెట్ అయితే పెట్టె మామూలుగా కాశీలోనే చేతికొస్తుంది. విడివిడిగా కొంటే శంషాబాద్‌లో పెట్టె తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ కౌంటర్, మళ్లీ తనిఖీ. మొదటి విమానం ఆలస్యమైతే రెండో విమానంవాళ్లకి మీతో సంబంధం లేదు. డెబ్బై దాటిన మనిషిని ఆ పరుగు పెట్టించడం అన్యాయం.

5. వీల్‌ఛెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి. ఏటీఆర్‌కి వెనక తలుపు దగ్గర మడత మెట్లుంటాయి, సన్నవి. మా పిన్ని ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, కమ్మీ వదలకుండా ఎక్కింది. వెనక జనం ఆగారు, ఎవరూ తొందరపెట్టలేదు. ముందే చెబితే చాలాచోట్ల ర్యాంప్ తెస్తారు.

6. డిసెంబరు, జనవరిల్లో గంగా మైదానమంతా పొగమంచు. పొద్దుటి విమానాలు గంటలకొద్దీ ఆగుతాయి, ఒక్కోసారి రద్దవుతాయి. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలనుకునేవాళ్లు తిరుగు టికెట్ పదో రోజుకి కాకుండా పదకొండో రోజుకి తీసుకోండి. వెళ్లేటప్పుడు ఒక రాత్రి శంషాబాద్‌లోనే గడిచిపోయినా, పెద్దవాళ్ల తొమ్మిది నిద్రలూ కాశీలోనే పడతాయి.