ఆకు చెప్పు మాట

మనకు ఆకలి వేసినచో నోట చెప్పుదుము. చెట్టునకు నోరు లేదు. అయినను అది తన ఆకలిని దాచుకొనదు. ఆకులమీద వ్రాసి చూపును. ఆ వ్రాతను చదువగలవాడే మంచి తోటమాలి.

బత్తాయితోట గల యొక రైతును ఊహింపుడు. అతని చెట్ల చిగుళ్ళలో ఆకులు చిన్నవిగా, సన్నముగా పుట్టుచున్నవి. ఈనెలు పచ్చగానే యున్నవి. వాని నడుమ మాత్రము పసుపు మచ్చలు. కాయలును చిన్నవగుచున్నవి. చెట్లు నీరసించినవని తలచి అతడు యూరియా వేసెను. మచ్చలు పోలేదు. మరల వేసెను. సొమ్ము వ్యయమైనది గాని చెట్లు కోలుకొనలేదు.

లోపమెక్కడ నున్నది? యూరియా నత్రజని నిచ్చు ఎరువు. నత్రజని చాలనప్పుడు చెట్టు ముదురాకులలోని దానిని తీసి చిగుళ్ళకు పంపును. కావున ముదురాకులే మొదట పసుపుపచ్చనగును. జింకు అట్లు సులభముగా కదలదు. అది చాలనిచో చిగుళ్ళే ముందు బాధపడును. ఆ చెట్లు అడిగినది జింకు. రైతు పెట్టినది నత్రజని. దాహము గొన్నవానికి అన్నము పెట్టినట్లయినది.

మొక్కకు అవసరమైన మూలకములు 17. కర్బనము, ఉదజని, ఆమ్లజని గాలినుండియు, నీటినుండియు లభించును. తక్కిన 14 ముఖ్యముగా నేలనుండి రావలెను. వీనిలో జింకు చాల కొద్దిగా మాత్రమే కావలెను. ఎండిన బత్తాయి ఆకులు ఒక కిలోలో 25 మిల్లీగ్రాములున్నను చాలును. ఆ కొంచెమును లేనిచో మిగిలినవెంత సమృద్ధిగా నున్నను ఫలము లేదు. ప్రక్కన చిల్లుపడిన కుండలో నీరు ఆ చిల్లు ఎత్తువరకే కదా నిలుచును! జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ 19వ శతాబ్దమున ఈ సూత్రమును లోకమునకు చాటెను.

సున్నము ఎక్కువగా గల నేలలో జింకు ఉన్నను వేళ్ళకు అందదు. అట్టిచోట లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి, ఆకులు మాడకుండ కొంత సున్నము చేర్చి, లేత ఆకులపై చల్లుదురు. అయితే ఇనుము, మాంగనీసు లోపములును లేత ఆకులయందే కనిపించును. కావున కంటితో చూచినదానిని మట్టి పరీక్షచేతను, ఆకు పరీక్షచేతను నిర్ధారణ చేసికొనవలెను. చెట్టు గ్రహింపని ఎరువు వాననీటితో నేలలోనికి దిగి బావినీటిని చెరచును.

విద్యార్థులారా! మీ పెరటిలో నిమ్మచెట్టున్నచో దాని ముదురాకు నొకదానిని, లేత ఆకు నొకదానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూడుడు. మొదటి పాఠము ఆ చెట్టే చెప్పును.